మెదక్ 30 ఎంఎం గన్: యుద్ధ బండి మీదా అదే, పడవ మీదా అదే

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఓడీఎఫ్ అని పిలిచే ఆయుధ కర్మాగారం ఉంది. 1987 నుంచి అక్కడ ‘శరత్’ యుద్ధ వాహనాలు తయారవుతున్నాయి. ఇది సోవియట్ బీఎంపీ-2కి మన దేశపు రూపం. చాలామంది దీన్ని ట్యాంకు అంటారు కానీ, నిజానికి ఇది ముగ్గురు సిబ్బందితో పాటు ఏడుగురు సైనికులను మోసుకెళ్లే బండి. దీని మీద ఉండే ఫిరంగిదే అసలు కథ.

అంతకుముందు బీఎంపీ-1కి 73 ఎంఎం ఫిరంగి ఉండేది. గుండు పెద్దదే, కానీ వేగం తక్కువ. గాలి వీస్తే గురి తప్పేది. గొట్టం 33 డిగ్రీలకు మించి పైకి లేచేది కాదు. అఫ్ఘానిస్తాన్ కొండల్లో పైనుంచి కాల్చేవాళ్లను దానితో కొట్టడం ఎలా? 1980లో వచ్చిన బీఎంపీ-2కి సోవియట్లు 30 ఎంఎం ‘2ఏ42’ అమర్చారు. ఇది 74 డిగ్రీల దాకా లేస్తుంది. నెమ్మదిగా అయితే నిమిషానికి 200 నుంచి 300, వేగంగా అయితే 550కి పైగా కాల్చగలదు. రెండు వైపుల నుంచి రెండు రకాల గుళ్లు అందుతాయి. ఒకటి పేలేది, ఇంకోటి ఉక్కును చీల్చేది. గన్నర్ ఎదురుగా ఉన్నదాన్ని బట్టి అప్పటికప్పుడు మార్చుకోవచ్చు. వాహనంలో 500 గుళ్లు పడతాయి. అయితే అసలు ట్యాంకు ముందు కవచం మీద ఇది పనిచేయదు. అందుకే పక్కన క్షిపణి కూడా పెట్టారు. ఇంకో తంటా, కాల్చినప్పుడు పొగ లోపల కూర్చున్నవాళ్ల మీదికే వస్తుంది.

ఇదే గన్‌ను నౌకల కోసం మార్చితే ‘సీఆర్‌ఎన్-91’ అయింది. కార్ నికోబార్ తరగతి గస్తీ నౌకల మీద, కోస్ట్ గార్డ్ పడవల మీద ఇదే ఉంటుంది. సముద్రంలో పడవ ఊగుతుంది కాబట్టి గన్‌ను, గురి చూసే కెమెరాను విడివిడిగా నిలకడగా ఉంచాలి. గొట్టం కన్నా ఆ ఏర్పాటే కష్టమైన పని. లెక్క ప్రకారం చూస్తే లాభం తేలిగ్గా అర్థమవుతుంది: సైన్యానికీ, నౌకలకీ గన్ ఒకటే అయితే విడిభాగాలూ, మరమ్మతు శిక్షణా రెండుసార్లు పెట్టుకోనక్కర్లేదు.

కానీ ఒక మెలిక ఉంది. పెద్ద యుద్ధనౌకల మీద ఆరు గొట్టాల ఏకే-630 ఉంటుంది. దాని గుండు సైజు కూడా 30×165 ఎంఎమ్మే. అయినా ఇందులో వేయకూడదు. ఏకే-630 గుండు కరెంటుతో అంటుకుంటుంది, 2ఏ42 గుండు సూది దెబ్బతో.