చికాగో నగరపు మురుగు సొరంగములు

చికాగో నగరచరిత్రమును వ్రాసినవారు తఱచుగా నదిని వెనుకకు మరల్చిన కాలువనే కొనియాడుదురు. 1900 సంవత్సరమునఁ దెఱవఁబడిన యా కాలువ గొప్పదే. కాని త్రాగునీటిని రక్షించుటలో, వీథులక్రింద నెవరికిని గానరాని యిటుకసొరంగములు దానికిఁ దీసిపోవు. అవి పూర్తియగువఱకుఁ గాలువవలని ప్రయోజనము సగమే.

ఈ నగరము మిచిగను సరస్సుతీరమున, నీటిమట్టమున కించుక మాత్రమే యెత్తుగల బురదనేలపై వెలసినది. 1854లో విషూచి చెలరేఁగిన పిదప, 1855లో బోస్టనునుండి చెస్‌బ్రో అను నింజనీరును రప్పించిరి. నేల చదునగుటచే మురుగు పాఱుటకు వాలు చిక్కదయ్యెను. అందువలన నాతఁడు తూములను నేలమీఁదనే పఱపించి, వానిపై మన్నుపోయించి, వీథులనే యెత్తుచేయించెను. పెద్దపెద్ద యిండ్లనుగూడ జాకీలతోఁ బైకెత్తిరి. మురుగు నదిలోనికిని, నది సరస్సులోనికిని బాఱెను. ఆ సరస్సునీరే త్రాగునీరు! 1867లో సరస్సుగర్భముక్రింద రెండుమైళ్ల సొరంగముఁ ద్రవ్వి దూరపునీటిని దెచ్చిరి. పెద్దవానలకు మురుగు అంతదూరమును బోవఁజొచ్చెను. 1891లో లక్షజనులకు 170మందికిఁ బైగా టైఫాయిడు జ్వరముచే మరణించిరి.

1885 ఆగస్టు 2వ తేదిని గురిసిన కుంభవృష్టి తరువాత విషూచి మున్నగు రోగములచేఁ దొంబదివేలమంది మడిసిరని పెక్కుపుస్తకములలో నున్నది. ఇది నమ్మఁదగదు. ఆనాఁటి పత్రికలలోఁ గాని మరణగణనలలోఁ గాని దీనికి సాక్ష్యము లేదు. ఎనిమిదవవంతు జనము నశించినచో నా నగరమున వ్రాసిపెట్టువాఁడొక్కఁడైన నుండకపోవునా? భయము కలిగినమాట మాత్రము నిజము. 1889లోఁ బారిశుద్ధ్యమండలి యేర్పడెను. 1892లో మొదలిడి 28 మైళ్ల కాలువఁ ద్రవ్వి, దిగువనున్న మిస్సూరి రాష్ట్రమువారు న్యాయస్థానపు నిషేధాజ్ఞఁ దెత్తురను శంకతో, 1900 జనవరి 2వ తేదిని ఉత్సవమేమియు లేకయే నీరు వదలిరి. నదికి ముఖమైనచోటు మూలమయ్యెను.

అయినను దక్షిణభాగమందలి పెక్కుతూములు నదిలోఁ గాక తిన్నగా సరస్సులోఁ బడుచుండెను. వానికిఁ గాలువవలన నుపకారము లేదు. కావున తీరము వెంబడి అడ్డుసొరంగములను నిర్మించి, ఆ తూములనన్నిటిని వానిలోఁ గలిపి, మురుగును 39వ వీథికిఁ దెచ్చిరి. అచ్చటి మహానాళము 20 అడుగుల వ్యాసము గలది. పంపులు సరస్సునీటితోఁ గూడ మురుగును దానిగుండ నది దక్షిణశాఖకుఁ ద్రోసెడివి. 1907 నాఁటి కీ పని ముఖ్యభాగము ముగిసెను.

నగరముక్రింద నీలిబంకమన్ను కలదు. త్రవ్వుట కది యనుకూలమే. ఇసుకయు నీటియూటయుఁ దగిలినప్పుడే కష్టము. అట్టిచోట్ల యంత్రములతో గాలిని బిగించి సొరంగమున నింపి నీటి నాఁపుట యా కాలపుఁ బద్ధతి. ఆ గాలిలోఁ బనిచేసినవాఁడు తొందరపడి వెలికి వచ్చెనేని కీళ్లు పట్టుకొనును. ఒక్కొక్కప్పుడు పక్షవాతమో మరణమో సంభవించును. త్రవ్విన కొలఁది అడుగుభాగమున నిటుకలు పేర్చి, పిమ్మటఁ గొయ్యచట్రముపై కమాను మూసెడివారు.

1912 మొదలు నీటిలోఁ గ్రమముగా క్లోరినును గలిపిరి. 1917లో టైఫాయిడు మరణములు లక్షకు రెంటికన్నఁ దక్కువ. ఈ ఫలమున సొరంగముల పాలెంత, క్లోరిను పాలెంత యని విడఁదీయుట సులభము కాదు.

మిస్సూరివారు శంకించినట్లే వ్యాజ్యము వేసిరి. సెయింటు లూయిస్ నగరపు త్రాగునీటిలో చికాగో మురుగు చేరుచున్నదని వారి వాదము. 1906లో న్యాయమూర్తి హోమ్సు, సాక్ష్యము చాలదనియు, మిస్సూరిలోని పట్టణములును తమ మురుగును నదులలోనే విడుచుచున్నవనియుఁ జెప్పి దానిని గొట్టివేసెను. చికాగో గెలిచెను గాని మురుగు శుద్ధి కాలేదు. ఇంటిముంగిటనుండి పెరటికిఁ బోయినది, అంతియ. 1930లో నా న్యాయస్థానమే, సరస్సుతీర రాష్ట్రముల మొఱ నాలించి, కాలువలోనికిఁ దీయు నీటిని 1938 ముగియులోపలఁ దగ్గింపవలసినదని యాజ్ఞాపించెను. నీరు తగ్గినచో మురుగు పలుచఁబడదు. కావున సొరంగములు మోసికొనివచ్చు మురుగును శుద్ధిచేయు శాలలను నగరము గట్టవలసివచ్చెను.