చింతపండుతో తోమిన పతకం

మొన్న సెలవులకు నాచారం వచ్చినప్పుడు మేనల్లుడికి చూపిద్దామని లివర్‌పూల్ నుంచి ఒక కంచు పతకం తెచ్చాను. పొద్దున లేచి చూస్తే అది పూజగిన్నెల పక్కన ధగధగలాడుతూ ఆరుతోంది. "గంత నల్లవడ్డదేందిరా, చింతపండు వెట్టి తోమిన" అంది అమ్మ. నూరేళ్లలో పట్టిన ఆ నలుపే దానికి అందం. ధర కూడా దాన్నిబట్టే. తోమిన పతకం కనిపిస్తే సేకర్తలు మొహం తిప్పుకుంటారు. ఆ మాట అమ్మతో అనలేకపోయాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ గడ్డపాయన ఎవలు?" అని అడిగింది.

ఆయన అప్పటి బ్రిటన్ రాజు ఐదో జార్జి. రెండో వైపు తుపానులో వెళ్తున్న ఆవిరి ఓడ, మునిగిపోతున్న జలాంతర్గామి, వెనకాల తెరచాపల ఓడ ఉంటాయి. పతకానికి కట్టే రిబ్బన్ ఆకుపచ్చ, ఎరుపు, మధ్యలో సన్నగా తెలుపు. "ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నలా మామా?" అన్నాడు మావాడు. వాడి ఊహ తప్పేమీ కాదు. రాత్రిపూట ఓడకు కుడివైపు ఆకుపచ్చ దీపం, ఎడమవైపు ఎరుపు, స్తంభం మీద తెలుపు వెలుగుతాయి. రిబ్బన్ రంగులు అవే.

మొదటి ప్రపంచయుద్ధంలో సరుకు ఓడల మీద పనిచేసినవాళ్ల కోసం 1919లో బ్రిటన్ ఈ పతకాన్ని ప్రకటించింది. ప్రమాద జలాల మీదుగా ఒక్క ప్రయాణం చేసినా అర్హులే. మొత్తం 1,33,135 ఇచ్చారు. అంచు మీద పేరు ఒక్కటే చెక్కారు. హోదా లేదు, ఓడ పేరు లేదు. కెప్టెనైనా, బాయిలర్లో బొగ్గు ఎగదోసినవాడైనా అంచు మీద ఒక్కలాగే కనిపిస్తారు. వాళ్లను విడదీసి తెలుసుకోవాలంటే లండన్‌లోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ కార్డులు తిరగేయాలి. నాకు ఈ పతకాల పిచ్చి పట్టింది అక్కడే.

రెండో యుద్ధం నాటి కథ ఇంకా చేదు. తిండిగింజలూ నూనే సముద్రం మీదనే రావాల్సిన దేశం బ్రిటన్. వాటిని అట్లాంటిక్ మీదుగా తెచ్చే ఓడలకు కాపలా వ్యవహారమంతా 1941 నుంచి మా లివర్‌పూల్లోంచే నడిచింది. ఆ ఏడు మే నెల వరకు చాలా కంపెనీల్లో ఓడ మునిగిన రోజుతోనే నావికుడి జీతం ఆగిపోయేది. లైఫ్‌బోటులో ఎన్నాళ్లు కొట్టుకుపోయినా ఆ రోజులు లెక్కలోకి రావు. యుద్ధం అయ్యాక ఇచ్చిన అట్లాంటిక్ స్టార్ లాంటి పతకాల మీద బ్రిటన్ పేర్లు కూడా వేయలేదు. పైగా అర్జీ పెట్టుకుంటేనే ఇచ్చేవారు. పెట్టనివాళ్లు ఎందరో. అందుకే ఈ స్టార్లు కొనేటప్పుడు నేను కాగితాలు అడుగుతాను. ఒకసారి అడగకుండా కొని, ఎవరిదో తెలియని రేకుముక్కకు పౌండ్లు పోసి వచ్చాను.

లండన్ టవర్ హిల్ స్మారకం మీద సముద్రమే సమాధి అయినవాళ్ల పేర్లున్నాయి. మొదటి యుద్ధంలో సుమారు 12 వేలు, రెండో యుద్ధంలో దాదాపు 24 వేలు. అదే రెండో యుద్ధంలో పోయిన దాదాపు 6 వేల మంది భారతీయ సరుకు ఓడల నావికుల పేర్లు మాత్రం ముంబయి, చిట్టగాంగ్‌లలో ఉంచిన పుస్తకాల్లోకి చేరాయి. పని ఒక్కటే, సముద్రమూ ఒక్కటే. ఒకరికి లండన్ నడిబొడ్డున చోటు, ఇంకొకరికి పుస్తకంలో పేజీ. నాకిది నచ్చదు.

యుద్ధం మనకు దూరంగా జరిగిందేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజు బంగాళాఖాతంలో సరుకు ఓడలు వరసగా మునిగాయి.

ఆ కోస్తా నుంచి వచ్చి ఉప్పల్, నాచారం కాలనీల్లో స్థిరపడినవాళ్లు తక్కువేం కాదు. వాళ్ల తాతల్లో ఓడల మీద పనిచేసినవాళ్లు ఉండొచ్చు. మీ తాతగారి ట్రంకుపెట్టెలో ఇలాంటి కంచుముక్క దొరికితే పాతసామాన్లవాడికి తూకానికి వేయకండి. దాంతోపాటున్న నావికుడి డిశ్చార్జి పుస్తకం, చిరిగిన ఉత్తరం ఏదైనా సరే పారేయకండి. పతకాన్ని మాత్రం చింతపండుకు అందనంత దూరంలో దాచండి.