బయానా పుచ్చుకొనక మునుపు

పని కోరివచ్చినవానిని యజమాని పరీక్షించుట లోకమున అందరెరిగినదే. పని కోరువాడే యజమానిని పరీక్షింపవలెనన్న మాట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పిలిచిన తీరు, అడిగిన ప్రశ్న, చెప్పక దాచిన సంగతి - ఇవియే యజమాని స్వభావమును ముందుగా వెల్లడించును. ఈ సత్యమును కోనసీమవారు సముద్రము దాటి తెలిసికొనిరి.

గౌతమి సముద్రమును కలియుచోట కోరంగి యను రేవుండెను. 1839 నాటి తుపాను దానిని ధ్వంసము చేసినను పేరు మాత్రము నిలిచినది. బర్మాలో తెలుగు కూలీలను 'కొరంగీలు' అనిరి. పిదప కాకినాడనుండి రంగూనుకు పొగయోడలు నడచెను. గోదావరి జిల్లా కూలీలు ఆ ఓడలెక్కి, రంగూను రేవులో మూటలు మోయుటకును, బియ్యపు మిల్లులలో పనిచేయుటకును పోవుచుండిరి.

వారిని కుదుర్చుకొన్నది ఎవరు? మిల్లు యజమాని కాడు, ఓడసరుకుల గుత్తదారు కాడు. ఊరికి వచ్చిన మేస్త్రీ. అతడు ఓడ చార్జీ పెట్టును, ఇంటి అప్పునకు కొంత బయానా ఇచ్చును. జీతమెంత, పని ఎన్ని గంటలు, బస ఎక్కడ, జబ్బు చేసినచో దిక్కెవరు అను ప్రశ్నలన్నియు ఆ రూపాయల చప్పుడులో అణగిపోవును. రంగూనులో కూలి సొమ్ము పెద్ద మేస్త్రీనుండి చిన్న మేస్త్రీకి దిగి, వారి వారి కోతలు పోయిన పిమ్మట కూలీని చేరును. 1931లో నివేదిక సమర్పించిన విట్లే కమిషను ఈ పద్ధతిని పరిశీలించినది. బయానా పుచ్చుకొని పనిచేయని కూలీని శిక్షించుటకు 1859 నాటి 13వ చట్టము వీలు కల్పించెను. 1925లో గాని దానిని రద్దుచేయు శాసనము రాలేదు. కావున బయానా ఔదార్యము కాదు, పగ్గము.

సులభముగా కుదుర్చుకొనువాడు సులభముగానే తొలగించును. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మె చేయగా, గుత్తదారులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగనే వారిని పంపివేసిరి. దానినుండి రేగిన అల్లరులలో ప్రాణములు కోల్పోయినవారు కూలీలే గాని గుత్తదారులు కారు.

మరియొక విశేషము గలదు. 1937 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగము. అందుచే అచటికి పోవుట 'విదేశ వలస' కాలేదు. నేటాలుకో, ఫిజీకో ఒప్పందముపై పోవువానిని, కూలీలను సమకూర్చిన ఏజెంటు దగ్గర లేకుండ, నమోదు అధికారి విడిగా ప్రశ్నింపవలెనని 1883 నాటి వలస చట్టము విధించెను. ఎచటికి, ఏ షరతులపై పోవుచున్నాడో అతనికి తెలియునా అని విచారింపవలెను. రంగూను పోవువానికి ఆపాటి ప్రశ్నయు లేదు.

అడిగినంతమాత్రమున మేలు జరుగునా? 1860లో మద్రాసునుండి ట్రూరో యను ఓడ 342 మందితో బయలుదేరి నవంబరు 16న డర్బను చేరెను. వారిలో తెలుగువారును ఉండిరి. మొదటియేట నెలకు 10 షిల్లింగులు, ఏటేట ఒక్కొక్క షిల్లింగు పెంపు అని ఒప్పందము. కాగితముపై అంతయు సవ్యముగనే యుండెను. కాని 1871లో తిరిగివచ్చినవారు మద్రాసులో అధికారులకు తాము తిన్న దెబ్బలను, తమకు ముట్టని సొమ్మును గూర్చి మొరపెట్టుకొనిరి. 1872లో నేటాలులో విచారణ సంఘము కూర్చుండెను. 1866లోనే ఆగియుండిన కూలీల పంపకము, వారి రక్షణకొక అధికారి ఏర్పాటైన పిమ్మట, 1874లో మరల సాగెను. ఒప్పందపు పత్రము చెప్పని నిజమును తిరిగివచ్చినవాడు చెప్పెను. యజమానిని తూచుటకు అంతకు మించిన తరాజు లేదు.

నేడు అమలాపురము, రాజోలు ప్రాంతములనుండి ఎందరో, విశేషించి స్త్రీలు, ఇంటిపనులకై కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోవుచున్నారు. చదువుకొన్న యువకులు పట్టణములలో కంపెనీల ఇంటర్వ్యూలకు పోవుచున్నారు. నమోదు కాని ఏజెంటు విదేశపు కొలువులకు జనమును కుదుర్చరాదని 1983 నాటి చట్టము శాసించినది. చట్టమున్నను, ఎవరికి వారు అడిగి తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు. నన్ను ప్రశ్నించుచున్నవాడు నాకు పని ఇచ్చువాడేనా, నడుమనున్న మేస్త్రీయా? నా ప్రశ్నకు ఓర్పుతో బదులు చెప్పుచున్నాడా, విసుగుకొనుచున్నాడా? షరతులను నాకు తెలిసిన భాషలో చదివి వినిపించెనా? లోగడ అచట పనిచేసినవారితో మాటాడనిచ్చునా? ఆలోచించుకొనుటకు ఒక్క రాత్రి గడువిచ్చునా?

ఆ ఒక్క రాత్రి గడువీయనివాడు ఐదేండ్ల కొలువులో ఏమిచ్చునో మన ముత్తాతల అనుభవమే చెప్పుచున్నది. బయానా పుచ్చుకొనక మునుపు అడిగిన ప్రశ్నకే విలువ. పుచ్చుకొన్న తరువాత అడిగినది మొర మాత్రమే.