ఓడ దిగిన గుర్రానికి వడదెబ్బ

విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు గుర్రాల వర్తకులకు అరుదైన మాట ఇచ్చాడు. హోర్ముజ్, ఏడెన్‌ల నుంచి తెచ్చే గుర్రాలు బతికి చేరినా, దారిలో చచ్చినా మూడింటికి వెయ్యి పర్దావులు (బంగారు నాణేలు). సముద్రం మీద ప్రాణం పోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, ధర పూర్తిగా ముట్టేది. 1530ల్లో పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టిన సంగతి ఇది. దక్కన్ సుల్తానుల రౌతులను ఎదుర్కోవాలంటే మేలుజాతి గుర్రం కావాలి. అది ఈ నేల మీద పుట్టదు. అందుకే చచ్చినదానికీ బంగారం ఇచ్చారు.

సముద్రం దాటి ప్రాణాలతో ఒడ్డుకు చేరిన గుర్రాల కథ అంతకంటే బాధాకరం.

పదమూడో శతాబ్దం చివర్లో మార్కో పోలో పాండ్యుల తీరాన్ని చూశాడు. అక్కడి రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలు కొంటాడనీ, అతని నలుగురు సోదరులూ అలాగే కొంటారనీ, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవనీ రాశాడు. గుర్రాలకు వైద్యం తెలిసినవాళ్లు లేరన్నాడు. తెలిసినవాళ్లను వర్తకులు రానివ్వరని కూడా అన్నాడు, ఎందుకంటే గుర్రాలు ఎంత తొందరగా చస్తే వాళ్లకు అంత బేరం. ఉడికిన అన్నం, ఉడికిన మాంసం మేతగా పెట్టేవారట.

కొద్దికాలానికే పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ఇదే వ్యాపారం గురించి మరికొంత చెప్పాడు. ఒక్కో గుర్రం ఖరీదు 220 ఎర్రబంగారు దీనారాలు. దిగుమతి అయిన గుర్రాలను నలభై రోజులు మేకులకు పగ్గాలతో కట్టేసి, వేయించిన బార్లీ, వెన్న కలిపిన గింజలు, కాచిన ఆవుపాలు పట్టించేవారు, ఒళ్లు చేయాలని. ఆ తర్వాత ఏ శిక్షణా లేకుండా ఎక్కి తోలేవారు. ఎంత చురుకైన గుర్రమైనా కొన్నాళ్లకే మందగించి పనికిరాకుండా పోయేది. ఇక్కడి వాతావరణమే వాటిని నీరసపరుస్తుందని, అందుకే ఏటా కొత్తవి కొనక తప్పదని వస్సాఫ్ తేల్చాడు.

ఈ ఇద్దరూ పరదేశులే. విన్నదాన్ని కాస్త పెంచి చెప్పి ఉండొచ్చు. కానీ వస్సాఫ్ చెప్పిన ఆ నలభై రోజుల దగ్గర ఆగి చూడాలి. ఎడారి అంచున పెరిగిన గుర్రానికి ఎండ కొత్త కాదు, ఉక్కపోత కొత్త. మనిషిలాగే గుర్రం కూడా చెమట పట్టించి ఒళ్లు చల్లార్చుకుంటుంది. మండుటెండలో గట్టిగా పరుగెత్తితే గంటకు 10 నుంచి 15 లీటర్ల చెమట కారుతుంది. పొడిగాలిలో అది ఇట్టే ఆరిపోయి వేడిని లాక్కుపోతుంది. తీరప్రాంతపు తేమలో ఆరదు, ఊరికే కారిపోతుంది. పైగా గుర్రపు చెమటలో ఉప్పు దాని నెత్తురులో కంటే ఎక్కువ. నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది కనుక నీళ్లొక్కటే పెడితే చాలదు. కొత్త ఉక్కకు గుర్రం అలవాటు పడాలంటే రెండు మూడు వారాలు రోజూ కొంచెం కొంచెంగా నడిపించాలని నేటి పశువైద్యం చెబుతోంది. అంటే నలభై రోజుల గడువు కావలసినదాని కంటే ఎక్కువే. ఆ గడువంతా జంతువును కదలనివ్వకుండా మేకుకు కట్టి, గింజతో నింపారు. కదలిక లేని గుర్రానికి అంత బలమైన మేత పెడితే కడుపునొప్పి వస్తుంది, గిట్టలు వాస్తాయి. ప్రాణం తీసినది ఎండ ఒక్కటే కాదు.

తెలుసుకోవడానికి ఏడు వందల ఏళ్లు పట్టిన విషయాలూ ఉన్నాయి. అలసి వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయని చాలా దేశాల్లో నమ్మారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ అక్కడి ఉక్కలో జరగబోతున్నప్పుడు శాస్త్రజ్ఞులు దాన్ని పరీక్షించారు. ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తే హాని లేదని, గుర్రం త్వరగా తేరుకుంటుందని తేలింది.

తెలుగు నేలకు గుర్రపు విద్య తెలియదనడం మాత్రం అన్యాయం. కాకతీయుల కాలపు శాసనాల్లో సాహిణి అనే బిరుదు కనిపిస్తుంది, అశ్వాల మీద అధికారం ఉన్నవాడని అర్థం. శాలిహోత్రుడి పేరు మీద నడిచిన సంస్కృత అశ్వశాస్త్రం ఉంది. మనుమంచి భట్టు తెలుగు పద్యాల్లో హయలక్షణ విలాసము రాశాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో, దూరద్వీపాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులను ఊళ్లు, ఇళ్లు, లాభాలు ఇచ్చి తనవాళ్లుగా చేసుకోవాలని, ఆ సరుకు శత్రువులకు చేరకూడదని రాజనీతి చెప్పాడు. అక్కడ ఆయన చూపు కొనుగోలు మీదే ఉంది. అయితే సాకే మనుషులనూ విజయనగరం మరచిపోలేదు. గుర్రాలను చూసుకోవడానికి 1,600 మంది, నేర్పడానికి 300 మంది ఉన్నారని న్యూనిజ్ లెక్క చెప్పాడు. ఏటా 13,000 గుర్రాలు కొన్నారనీ అతనే అన్నాడు. అవన్నీ చచ్చినవాటి బదులు కొన్నవి కావు, చాలావాటిని రాజు తన దండనాయకులకు పంచేవాడు. ఆ 1,600 మందిలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. రౌతుల పేర్లు శాసనాలకెక్కాయి, రోజూ గిట్టలు కడిగినవాళ్లవి ఎక్కలేదు.

అలాంటివాళ్లే తర్వాతి కాలంలో జట్కావాళ్లు. రైలు స్టేషన్ల బయట చెట్టునీడన బండి ఆపి, చిన్న తట్టువకు నానబెట్టి ఉడికించిన ఉలవలు పెట్టేవారు. దక్షిణాదిలో ఉలవ చవకగా దొరికే గింజ, వానలు తక్కువైనా పండుతుంది. బార్లీ, వెన్నల కంటే అది ఈ నేలకు తగిన మేత. జట్కాలు తగ్గి రిక్షాలు పెరుగుతున్న రోజుల్లో, 1965లో, బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల కోసం కేంద్రం నియమాలు చేసింది. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా వరసగా ఐదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండి కట్టనే కూడదు. బెజవాడ వేసవిలో ఈ మూడో నియమం దాదాపు ప్రతిరోజూ వర్తిస్తుంది.