యాత్రికుడని పేరు పెట్టిన తల్లి



సంఘ చరిత్రలో మనం ఎక్కువగా బోధకుల గురించి, హతసాక్షుల గురించి చదువుతాం. ఈ వారం ఇంగ్లాండు రాజాస్థానంలో రాణికి చెలికత్తెగా ఉన్న ఒక సహోదరి జీవితం చూద్దాం. ఆమె పేరు కేథరిన్ విల్లోబీ.

1519లో ఆమె ఒక ప్రభువు ఇంట పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. రాజైన ఎనిమిదో హెన్రీకి ఆప్తమిత్రుడు, సఫోక్ డ్యూకు అయిన చార్లెస్ బ్రాండన్ సంరక్షకుడయ్యాడు. 1533లో ఆయనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు 14 ఏళ్లు, ఆయనకు యాభైకి దగ్గర. అలా ఆమె డచెస్ అయింది. 1545లో విధవరాలైంది.

హెన్రీ ఆఖరి రాణి కేథరిన్ పార్ అంతఃపురంలో కొందరు స్త్రీలు కూడుకొని లేఖనాలు చదివేవారు. వారిలో ఈమె ఒకరు. అది ప్రమాదకరమైన పని. 1546లో ఆన్ ఆస్క్యూ అనే విశ్వాసిని లండన్ టవర్‌లో చిత్రహింసలు పెట్టి, ఈ స్త్రీల సంగతి చెప్పమన్నారు. ఆమె ఎవరినీ పట్టివ్వలేదు. ఆమెను సజీవంగా కాల్చేశారు.

మన కేథరిన్‌కు ధైర్యంతో పాటు నోటి దురుసూ ఉంది. తనకు గిట్టని బిషప్ గార్డినర్ పేరును తన కుక్కకు పెట్టింది! ఇది మనం నేర్చుకోదగిన సంగతి కాదు.

ఆమెకు ఇద్దరు కొడుకులు, హెన్రీ, చార్లెస్. కేంబ్రిడ్జిలో చదువుకుంటున్నారు. 1551లో చెమట జబ్బు అనే అంటురోగం వచ్చింది. జూలై 14న, ఒక్క రోజే, అన్నదమ్ములిద్దరూ చనిపోయారు. పెద్దవాడికి 15 ఏళ్లు.

తర్వాత ఆమె తన స్నేహితుడు విలియం సెసిల్‌కు ఉత్తరం రాసింది. ఈ శిక్షను కూడా దేవుని మేలుల్లో ఒకటిగానే ఎంచుతున్నానంది. అయితే తాను కూడా శరీరమే గనుక, ఆప్తులను చూస్తే దుఃఖం ఆపుకోలేనని ఒప్పుకుంది. ఈ రెండు మాటలూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి. పరామర్శకు వెళ్లే మనం ఇది గమనించాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "విశ్వాసివి, ఏడవకూడదు" అంటాం. ఏడ్చినంత మాత్రాన విశ్వాసం పోదు. లాజరు సమాధి దగ్గర మన ప్రభువే కన్నీరు విడిచాడు.

తర్వాతి ఏడు హ్యూ లాటిమర్ గ్రిమ్స్‌థోర్ప్‌లోని ఆమె ఇంట్లో ప్రభువు ప్రార్థన మీద ప్రసంగాలు చేశాడు. ఆమె తన ఇంటి ఉద్యోగి, విశ్వాసి అయిన రిచర్డ్ బెర్టీని పెళ్లాడింది. ఇంతలో మేరీ రాణి ఏలుబడి వచ్చింది. గార్డినర్ ప్రధాన అధికారి అయ్యాడు. బెర్టీని పిలిపించి భార్య సంగతి విచారించాడు. 1555 జనవరి 1న ఇంకా తెల్లవారకముందే ఆమె చంటి కూతురితో, కొద్దిమంది పనివాళ్లతో లండన్ ఇల్లు విడిచి, సముద్రం దాటి పారిపోయింది.

ఆ అక్టోబరు 12న, జర్మనీలోని వేజెల్ పట్టణంలో కొడుకు పుట్టాడు. పెరెగ్రిన్ అని పేరు పెట్టింది. లాటిన్‌లో ఆ మాటకు పరదేశి, యాత్రికుడు అని అర్థం. నాలుగు రోజులకే ఆక్స్‌ఫర్డ్‌లో లాటిమర్‌ను కాల్చివేశారు.

పేరు పెట్టమని బిడ్డలను మా దగ్గరికి తెచ్చేవారు దీవెన, ఐశ్వర్యం వినిపించే పేర్లు అడుగుతారు. తప్పు కాదు. కానీ ఇద్దరు కొడుకులను పాతిపెట్టి, ఇల్లూ దేశమూ విడిచిన ఈ తల్లి హెబ్రీ పత్రిక 11:13లోని సత్యాన్ని తన బిడ్డకు పేరుగా ఇచ్చింది. కుక్కకు శత్రువు పేరు పెట్టిన చేతులే ఇప్పుడు ఈ పేరు పెట్టాయి. శ్రమలో దేవుడు ఆమెను ఎంత మార్చాడో!

ఆ కుటుంబం పోలండ్ రాజు ఆశ్రయం పొంది, 1559లో స్వదేశం చేరింది. 1580లో ఆమె ప్రభువునందు నిద్రించింది. స్పిల్స్‌బీ చర్చిలో ఆమె సమాధి ఉంది.

ప్రియులారా, ఈ వారం మీ వీధిలో బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లండి. ప్రసంగం చేయవద్దు. పక్కన కూర్చోండి. మనమందరం యాత్రికులమే, కలిసి నడవాలి. ప్రభువు మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.