చిత్తూరు సీమలో భోజనవేళలు: ఋతువులు, పగటి వెలుతురు

తిరుపతి ఉత్తర అక్షాంశము 13 డిగ్రీల 38 నిమిషముల వద్దను, చిత్తూరు 13 డిగ్రీల 13 నిమిషముల వద్దను ఉండుటచేత, ఈ సీమయందు పగటి పొడవు ఏడాదిలో గంటన్నరకు కొంచెము ఎక్కువగా మాత్రమే మారును. జూన్ నెల నడుమ పగలు ఇంచుమించు 12 గంటల 55 నిమిషములు. డిసెంబరు చివర 11 గంటల 20 నిమిషములు. జూన్‌లో పగలు పదునెనిమిది గంటలు దాటి, డిసెంబరులో ఆరు గంటలకు కుదించుకొనిపోవు స్టాక్‌హోము వంటి నగరములతో పోల్చినచో ఇది గణనకు రాని భేదము. కావున ఇచటి జనుల భోజనవేళలను అటునిటు జరుపునది పగటి నిడివి కాదు, పగటి వేడిమి. దానిని అనుసరించి నడచు సేద్యపు పని.

సూర్యుడు ఇచట సరిగా నడినెత్తికి వచ్చుట ఏడాదికి రెండుమారులు సంభవించును: ఏప్రిల్ చివరి వారమున ఒకమారు, ఆగస్టు నడుమ మరియొకమారు. రెండవదానిని నైరృతి మేఘములు చాలవరకు కప్పివేయును గనుక దానిని గుర్తించువారు అరుదు. మొదటిదానికి మాత్రము ఆచ్ఛాదన లేదు. అది మొదలుకొని మే నెల నాలుగవ తేదీ ప్రాంతమున ప్రవేశించు కత్తిరి అను మండుటెండల కాలము ముగియువరకు తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఆ దినములలో పల్లెలవారు తొలికోడి కూతకే లేచి, చల్లపూటనే మడిలో దిగి, పొద్దు బారెడెక్కునప్పటికి సగము పని ముగించి గట్టుమీద సద్దికి కూర్చుందురు. ఆ సద్దికి ఏర్పాటు ముందటి రాత్రియే జరిగియుండును: మిగిలిన రాగిసంగటి ముద్దను కుండలోని నీళ్లలో వేసి మూతపెట్టుదురు, తెల్లవారునప్పటికి అది కొంచెము పులియును, దానిని చేతితో పిసికి, మజ్జిగ పోసి, ఉప్పు వేసి, ఎర్రగడ్డయో పచ్చిమిరపకాయయో కొరుకుకొనుచు తాగుదురు. ఇది ఒకేమారు ఆకలిని, దప్పికను తీర్చును; ఆవిరియై పోయిన నీరును ఉప్పును శరీరమునకు తిరిగి చేర్చును. నడిమింట భోజనము ఆ కాలమున చిక్కిపోవును, ఒక్కొక్క యింట కునుకు తీసిన పిమ్మట పొద్దు వాలువేళకు జరిగిపోవును. వేడిమి ఆకలిని మందగింపజేయుననుట అందరు ఎరిగినదే. జీర్ణక్రియ తానును శరీరమున కొంత వేడిని పుట్టించుననుట అంతగా ఎరుగనిది. మే నెలలోనే వచ్చు తిరుపతి గంగమ్మ జాతరలో అంబలి పోయుట ఈ ఋతుధర్మమునకు దేవతాపరమైన రూపమని చెప్పిన తప్పుగాదు.

చలికాలపు తీరు వేరు. మదనపల్లె, పలమనేరు, పుంగనూరు మొదలగు పడమటి ఊళ్లు సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున నుండుటచేత అచట మంచు దట్టముగా కురియును. సూర్యోదయము ఆరున్నరకు జరుగును. పొలమునకు పోవుట ఆలస్యమగును గనుక ఇంటియొద్దనే వేడివేడి సంగటి తిని బయలుదేరుదురు. ఆ నెలలలోనే అనపకాయలు వచ్చును. గింజలను రాత్రి నానబెట్టి, మరునాడు ఒక్కొక్క గింజను వ్రేళ్లనడుమ నొక్కగా తోలు చేతిలో మిగిలి పప్పు జారిపడును. ఈ పితికిన పప్పు పులుసు ఒక కుటుంబమునకు చాలునంత కావలెనన్న ఇంటిల్లిపాదియు చుట్టు కూర్చుండవలసినదే. తినువారికి ఈ శ్రమ తెలియదు. మా సీమవారు తెలిసియు మానరు.

ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై పఠింపబడును. డిసెంబరు నడుమనుండి జనవరి నడుమవరకు వైష్ణవాలయములలో తెల్లవారకమునుపే నివేదన జరిగి, మిరియాలు నెయ్యి దండిగా పడిన పొంగలి భక్తుల చేతికి చీకటిలోనే అందును. ఏడాదిలో సూర్యునికంటె ముందుగా వేడి అన్నము తినుట ఈ సీమ వైష్ణవ భక్తులకు విధిగా పరిణమించు కాలము ఇదియొక్కటే.

రాత్రిభోజనమును నిర్ణయించినది పూర్వము దీపపు నూనె. పొద్దు గూకకముందే వండి, సందకాడ తిని, నూనె ఆదా చేసి పడుకొనుట పేదరికము నేర్పిన క్రమశిక్షణ. వైద్యులు నేడు దానినే ఆరోగ్యసూత్రముగా బోధించుచున్నారు. దీనికి ఆధారము లేకపోలేదు. కంటబడు వెలుతురును బట్టి మెదడులోని ప్రధాన జీవగడియారము నడచును. కాలేయాదులలోని గడియారములు భోజనవేళను బట్టి నడచును. ఒకే అన్నము ఉదయమున తిన్నప్పటికంటె రాత్రి తిన్నప్పుడు రక్తమున చక్కెరను ఎక్కువగా పెంచును. ఈ గడియారముల అంతరంగమును కనుగొన్న హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురికి 2017లో నోబెల్ బహుమానము లభించినది. విద్యుద్దీపము వచ్చిన పిమ్మట రాత్రిభోజనము టెలివిజను వెంట నడచినది. పాడి విస్తరించిన ఊళ్లలో మాత్రము పాలబండి వచ్చు వేళ దానికి హద్దు: సాయంకాలపు పాలు కేంద్రమున పోసి వచ్చినగాని పొయ్యి వెలుగదు.

ప్రభుత్వము సైతము ఋతువునకు తలయొగ్గును. మార్చి నడుమనుండి ఒంటిపూట బడులు సాధారణముగా ఉదయము 7-45 మొదలు 12-30 వరకు నడచును. తక్కిన నెలలలో బడి నడుమ పెట్టు మధ్యాహ్న భోజనము అప్పుడు బడి ముగింపున పెట్టబడును. 2023 మార్చిలో ప్రవేశపెట్టిన రాగిజావ, పల్లెపిల్లల తాతలు గట్టుమీద తాగినదాని బడిరూపమే.

గడియారము పన్నెండు కొట్టినప్పుడు తిరుపతిలో నిజముగా మధ్యాహ్నము కాదు. భారత ప్రామాణిక కాలము 82½ డిగ్రీల రేఖాంశముపై ఆధారపడియుండగా, ఈ ఊరు దానికి మూడు డిగ్రీలు పడమట నున్నది గనుక సూర్యుడు దాదాపు 12 నిమిషములు వెనుకబడును. అన్నమునకు ఈ వ్యత్యాసము లెక్కలోనిది కాదు, ఉపవాసమునకు లెక్కలోనిదే. రంజాను మాసమున తెల్లవారకమునుపటి సహరీ, పొద్దు గూకినపిమ్మటి ఇఫ్తారు వేళలు స్థానిక సూర్యగతిని బట్టి నిమిషముతో సహా నిర్ణయింపబడును. ఆ మాసము ఏటా పదునొకండు దినములు ముందునకు జరుగుచు ముప్పదిమూడేండ్లలో ఋతుచక్రమంతయు తిరిగివచ్చును. ఈ అక్షాంశమున వేసవి ఉపవాసము పదునాలుగు గంటలు దాటగా, చలికాలపుది పన్నెండున్నర గంటలు. 2030లో రంజాను జనవరిలో ఒకమారు, డిసెంబరులో మరియొకమారు ప్రారంభమై, మదనపల్లె చలిలో ఆ ఏడు రెండుసారులు ఇఫ్తారు విందు ఆరు గంటలకు అటునిటుగానే జరుగును.