హైదరాబాదు పేరుతో ఎగిరినవారు

1941లో లండన్‌లో మాక్‌మిలన్ సంస్థ ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. అట్టమీద రచయిత అసలు పేరు లేదు. వాయుసేనకు చెందిన ఒక క్షతగాత్రుడు అని మాత్రమే ఉంది. పుస్తకం పేరు ‘ఐ హాడ్ ఎ రో విత్ ఎ జర్మన్’. ఓ జర్మనువాడితో తగవు పడ్డాను అని తెలుగులో చెప్పుకోవచ్చు. ఆస్పత్రి మంచం మీద, ముఖం కాలిపోయి గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న భర్తను చూసి, ఇదేం పని చేసుకున్నావని భార్య అడిగిందట. అందుకు ఆయన చెప్పిన జవాబే పుస్తకానికి శీర్షికయింది. ఆ క్షతగాత్రుడు టామ్ గ్లీవ్. బ్రిటన్ గగనతల సమరంలో ఆయన నాయకత్వం వహించిన దళం పేరు 253 (హైదరాబాద్ స్టేట్) స్క్వాడ్రన్.

ఈ పేరు దగ్గర తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగక తప్పదు. ఇంగ్లండు ఆకాశంలో హైదరాబాదుకేం పని? ఈ బంధం మొదటి ప్రపంచయుద్ధంలో మొదలైంది. 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళంతో 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ బాంబరు విమానాలు సమకూరాయి. ఒక్కొక్క విమానం పక్కన అది నిజాం కానుక అని రాయించారు. ఆ దళానికి హైదరాబాదు పేరు శాశ్వతంగా నిలిచింది. రెండవ యుద్ధం వచ్చేసరికి 152వ దళం కూడా హైదరాబాద్ స్క్వాడ్రనయింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా, దాని కింది నినాదం ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అనే అర్థమిచ్చేది. అది బ్రిటిషు ప్రభుత్వం నిజాముకు ప్రసాదించిన బిరుదే. 253వ దళం మూడవది. మద్రాసు ప్రెసిడెన్సీ పేరుతో 79, 234, 264 దళాలుండేవి. అప్పటికి కోస్తా జిల్లాలూ రాయలసీమా ఆ ప్రెసిడెన్సీలోనివే కనుక, ఆ రోజుల్లో తెలుగునేల యావత్తూ ఏదో ఒక పేరుతో బ్రిటిషు విమానాల మీద ఎగిరిందనుకోవచ్చు.

ఎగిరింది పేరు మాత్రమే. ఆ విమానాలు నడిపినవారు లివర్‌పూల్ కుర్రాళ్ళు, కెనడా కుర్రాళ్ళు, న్యూజీలాండు, పోలండు కుర్రాళ్ళు. పేరు తెచ్చిన సొమ్ము ఎక్కడిదన్నది వారి ఊహకు అందని విషయం. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ చదివినవారికి, ఆ కాలపు తెలంగాణ పల్లెల్లో శిస్తు ఎలా వసూలయ్యేదో, వెట్టిచాకిరి అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. డోవర్ మీద శత్రువును వెంబడించిన విమానం రెక్కల్లో ఏ నల్లగొండ రైతు నాగటిచాలు ఉందో లెక్క తీసినవారు లేరు. విశ్వాసపాత్రుడైన మిత్రుడు నిజామే. ఆయన ప్రజల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

సరే, ఆ పేరు మోసినవారి దినచర్య ఎలాంటిది? 152వ దళం 1940 జూలైలో డార్సెట్ తీరానికి దగ్గరలోని వామ్‌వెల్‌కు చేరింది. పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాపాడడం దాని పని. తెల్లవారకముందే సేవకుడు టీ కప్పుతో వచ్చి లేపుతాడు. చీకట్లోనే లారీ ఎక్కి మైదానం అంచునున్న చెక్కగుడిసెకు వెళ్ళాలి. అక్కడ ఇనుప మంచాలు, వాలుకుర్చీలు, పేకముక్కలు, చదరంగం, పాత పత్రికలు. మూలన ఒక టెలిఫోను. అదే వామ్‌వెల్‌కు పగటిపూట వచ్చిపోయే 609వ దళానికి వసతి గుడారాల్లో. పొద్దున్నే లేచి వండడానికి అక్కడి పౌర వంటవాళ్ళు ఒప్పుకోకపోతే, దళనాయకుడు జార్జ్ డార్లే తానే పెనం పట్టుకుని తన పైలట్లకు గుడ్లు వేయించి పెట్టాడు. దేశాన్ని కాపాడుతున్నారని ప్రధానమంత్రి పార్లమెంటులో కీర్తించినవారికి ఉదయపు ఫలహారం దొరకడం కష్టమైందన్నమాట. యుద్ధచరిత్రల్లో ఇలాంటి సంగతులకు అరపేజీ కూడా దక్కదు గాని, సైన్యం అంటే ఏమిటో తెలిసేది ఇక్కడే.

ఆ టెలిఫోను గురించి దాదాపు ప్రతి పైలటూ రాశాడు. 92 (ఈస్ట్ ఇండియా) స్క్వాడ్రన్‌లో పద్దెనిమిదేళ్ళకే చేరిన జెఫ్రీ వెల్లమ్ తన జ్ఞాపకాలను ‘ఫస్ట్ లైట్’ పేరుతో 2002లో గాని ప్రచురించలేదు. అరవై ఏళ్ళ తరువాత కూడా ఆయనను వెన్నాడినవి శత్రువిమానాల కంటే ఎక్కువగా ఆ ఎదురుచూపులే. ఫోను మోగుతుంది, కడుపులో దేవినట్లవుతుంది, ఎవరో బయటికి పరుగెత్తి కక్కుకుంటారు, తీరా చూస్తే టీ బండి ఆలస్యంగా వస్తుందని చెప్పడానికి చేసిన ఫోను. పోరాటం మొదలయ్యాక భయానికి తీరిక ఉండదని అందరూ చెప్పినమాట. గాలిలో గడిపేది గంట, గంటంబావు. ఘర్షణ కొన్ని నిమిషాలే. అలా రోజుకు మూడునాలుగు సార్లు. సాయంత్రం ఊరి సారాయి దుకాణంలో బీరు, పాటలు, అరుపులు. మరుసటి ఉదయం మళ్ళీ టీ కప్పు.

చనిపోయినవారి మాట ఎత్తడం మర్యాద కాదు. ఫలానావాడు పోయాడనరు, బీరు తాగడానికి వెళ్ళాడంటారు. సామాను సర్దేస్తారు, ఆ మంచం మీదికి రాత్రికే కొత్తవాడు వస్తాడు. గొప్పలు చెప్పుకోవడం అన్నిటికన్నా పెద్ద నేరం. ఎవరైనా నోరుజారితే ఆ మాటను రాసిపెట్టడానికి మెస్సులో ఒక పుస్తకమే ఉండేది. వీరత్వాన్ని దాచుకోవడం ఇంగ్లీషు పైతరగతి బడులు నేర్పిన విద్య. మన పల్నాటి వీరచరిత్ర విని పెరిగినవారికి ఇది వింతగానే తోస్తుంది. పంక్తిభేదమూ తక్కువేమీ కాదు. ఒకే దళంలో, ఒకే రకం విమానంలో, ఒకే చావుకు ఎదురెళ్ళే పైలట్లలో అధికారులు ఒక భోజనశాలకూ సార్జంట్లు మరొక భోజనశాలకూ వెళ్ళేవారు. ప్రాణాలు కాపాడుకోవడానికి పక్కపక్కనే ఎగిరినవారు రాత్రి కలిసి భోంచేయడానికి వీల్లేదు.

శత్రువు గురించి వారి అభిప్రాయాలు ఏకరూపంగా లేవు. పోలండు నుంచి వచ్చినవారి ద్వేషం బాహాటమైనది. దానికి వారికి కారణాలున్నాయి. ఇంగ్లీషు కుర్రాళ్ళలో ఎక్కువమంది తాము కూల్చింది యంత్రాన్ని మాత్రమేనని, అందులో మనిషి ఉన్నాడన్న ఊహను దూరంగా పెట్టామని రాసుకున్నారు. పారాషూటులో దిగుతున్నవాణ్ణి కాల్చవచ్చా అన్న ప్రశ్న మాత్రం అందరినీ వేధించింది. ఫైటర్ కమాండ్ అధిపతి డౌడింగ్ తర్కం నిర్దాక్షిణ్యమైనది: ఇంగ్లండు మీద దిగే జర్మను పైలటు కాబోయే ఖైదీ కనుక అతణ్ణి కాల్చరాదు; ఇంగ్లండు మీద దిగే ఇంగ్లీషు పైలటు రేపు మళ్ళీ ఎగురుతాడు కనుక అతణ్ణి కాల్చే హక్కు జర్మనులకుంది. ఈ మాట విన్న చర్చిల్‌కు కోపం వచ్చింది. అది మునిగిపోతున్న నావికుణ్ణి కాల్చడం లాంటిదన్నాడు. ఇద్దరిలో ఎవరిది ధర్మమో తేల్చడం సులభం కాదు. 253వ దళానికి ఇది చర్చనీయాంశం కాదు, అనుభవం. ఆ దళనాయకుడు హెచ్. ఎం. స్టార్ ఆగస్టు 31 ఉదయం విమానం నుంచి దూకాడు. పారాషూటులో ఉండగానే అతణ్ణి కాల్చి చంపారని చెబుతారు.

హైదరాబాద్ స్టేట్ దళం లండన్‌కు దక్షిణాన ఉన్న కెన్లీకి వచ్చి అప్పటికి రెండురోజులే. స్టార్ మరణంతో నాయకత్వం గ్లీవ్ చేతికి తిరిగి వచ్చింది. ఆ మధ్యాహ్నమే బాంబరు దండును ఎదుర్కొంటుండగా ఆయన హరికేన్ ఇంధనపు తొట్టెకు గుండు తగిలింది. హరికేన్‌లో రెక్కల మొదళ్ళలోనూ, పైలటు ముందున్న పలక వెనుకా పెట్రోలు తొట్లుంటాయి. నిప్పంటుకుంటే మంట నేరుగా పైలటు కూర్చున్న చోటికి వస్తుంది. గ్లీవ్ పైకప్పు తెరవగానే పేలుడు ఆయనను బయటికి విసిరేసింది. కెంటులోని కడమ్ దగ్గర పొలంలో దిగేసరికి కాళ్ళు, చేతులు, ముఖం, కనురెప్పలు కాలిపోయి ఉన్నాయి.

ఇలాంటి గాయాలకు వైద్యులు ‘ఎయిర్‌మన్స్ బర్న్’ అని పేరుపెట్టారు. కొన్ని క్షణాల పాటు మాత్రమే తగిలినా, అతితీవ్రమైన మంట కప్పులేని ముఖాన్నీ చేతులనూ తినేస్తుంది. అప్పటి ప్రామాణిక చికిత్స టానిక్ ఆమ్లం పూయడం. తోలు ఊనడానికి వాడే ఆ పదార్థం కాలిన చర్మం మీద గట్టి పెచ్చు కట్టిస్తుంది. దాని కింద చీము పడుతుంది, వేళ్ళు ముడుచుకుపోయి పక్షిగోళ్ళలా అవుతాయి, కనురెప్పలు మూతపడవు. పాఠ్యగ్రంథంలో ఉన్నది కనుక చేశారు. వైద్యంలో ఈ వాక్యం చాలా పాపాలకు సంజాయిషీగా చెల్లిపోయింది.

దాన్ని ప్రశ్నించినవాడు ఆర్చిబాల్డ్ మాకిండో. న్యూజీలాండులోని డనీడిన్‌లో పుట్టి, అమెరికాలో మేయో క్లినిక్‌లో శస్త్రవిద్య నేర్చి, ఇంగ్లండు వచ్చి, ససెక్స్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆస్పత్రిలో మూడవ నంబరు వార్డు నడిపాడు. సముద్రంలో పడిన పైలట్ల గాయాలు నేలమీద పడినవారి గాయాల కంటే శుభ్రంగా మానుతున్నాయని గమనించి ఉప్పునీటి స్నానాలు ప్రవేశపెట్టాడు. ముఖానికీ చేతులకూ టానిక్ ఆమ్లం వాడకం ఆగిపోవడం వెనుక ఆయన పోట్లాట ఉంది. అంతకంటే పెద్ద పని ఆయన కత్తితో చేసింది కాదు. రోగులు వేసుకోవలసిన నీలిరంగు ఆస్పత్రి దుస్తులు తీసేయించి సొంత యూనిఫారాలు వేయించాడు. వార్డులో బీరు పీపా పెట్టించాడు. అధికారులనూ సార్జంట్లనూ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టాడు. మెస్సులో పోని పంక్తిభేదం అక్కడ పోయింది. సగం కట్టిన ముక్కులతో, పెదవులు లేని నోళ్ళతో కుర్రాళ్ళు వీధిలోకి వస్తే గుడ్లప్పగించి చూడవద్దని ఊరివారికి నచ్చజెప్పాడు. ఊరు విన్నది. తేరిపార చూడని ఊరు అని దానికి పేరే వచ్చింది.

1941 జూలైలో ఆ వార్డు రోగులు గినీపిగ్ క్లబ్ పెట్టుకున్నారు. మాకిండో అధ్యక్షుడు, టామ్ గ్లీవ్ మొదటి చీఫ్ గినీపిగ్. కోశాధికారిగా కాళ్ళు కాలినవాణ్ణి ఎన్నుకున్నారు, డబ్బుతో పారిపోలేడని. కార్యదర్శిగా చేతులు కాలినవాణ్ణి, మినిట్సు ఎక్కువ రాయలేడని. యుద్ధం ముగిసేనాటికి సభ్యులు 649 మంది. తరువాతి సంవత్సరాల్లో చేరినవారిలో అధికభాగం బాంబరు సిబ్బంది.

ఆ వార్డు నుంచి సాహిత్యంలోకి నడిచివచ్చినవాడు రిచర్డ్ హిల్లరీ. ఆక్స్‌ఫర్డు విద్యార్థి, అందగాడు, అహంభావి. 1940 సెప్టెంబరు 3న కాలిపోయి సముద్రంలో పడితే మార్గేట్ లైఫ్‌బోటు రక్షించింది. 1942లో వచ్చిన ‘ది లాస్ట్ ఎనిమీ’ యుద్ధకాలపు పుస్తకాల్లో అతి నిజాయితీ గలది అనిపించడానికి కారణం, తన స్వార్థాన్ని అతడు దాచకపోవడమే. మొదటి భాగంలో యుద్ధం అతడికి దేశం కోసం కాదు, తన ఎదుగుదల కోసం. చివరికి తాను మారానంటాడు. ఆ మార్పు జరిగిన దృశ్యం కాస్త కట్టినట్లుందని అప్పుడే కొందరన్నారు, అది నిజమే. కానీ కాలిన చేతుల వర్ణనలో కట్టుకథ లేదు. పుస్తకం వచ్చాక, ఫోర్కు సరిగా పట్టుకోలేని ఆ చేతులతోనే మళ్ళీ ఎగరడానికి పట్టుబట్టాడు. అనుమతి ఇచ్చారు. 1943 జనవరి 8 రాత్రి స్కాట్లండులో శిక్షణ విమానం కూలి, తన నావిగేటరుతో సహా మరణించాడు. అనుమతి ఎందుకిచ్చారన్నది నేటికీ మింగుడుపడని ప్రశ్న. ఒక యువకుడు చావు వైపు నడుస్తానంటే, అతణ్ణి ధైర్యవంతుడని మెచ్చుకుని దారి ఇవ్వడం వ్యవస్థకు సులువు.

ఎగరలేనన్నవాడికి మాత్రం ఆ వ్యవస్థ దయ చూపలేదు. 1940 నుంచే ‘లాక్ ఆఫ్ మోరల్ ఫైబర్’ అనే ముద్ర అమలులో ఉంది. నైతికబలం లోపించినవాడని అర్థం. రెక్కల గుర్తు పీకేసేవారు, కాగితాల మీద రాసేవారు. ఒకడు జబ్బుపడ్డాడా, పిరికివాడా అని మొదట తేల్చవలసింది దళవైద్యుడే. ప్రతి మనిషిలోనూ ధైర్యం ఒక పరిమితమైన నిల్వ, ఖర్చుపెడితే అయిపోతుంది అని చర్చిల్ సొంత వైద్యుడు లార్డ్ మోరన్ 1945లో ‘ది అనాటమీ ఆఫ్ కరేజ్’లో వాదించాడు. యుద్ధం ముగుస్తున్నప్పుడు వచ్చిన ఆ జ్ఞానం, బాంబర్ కమాండులో చనిపోయిన 55,573 మందికి గాని, ముద్రపడి ఇంటికి వెళ్ళినవారికి గాని పనికిరాలేదు. వామ్‌వెల్‌లో నిజాం తలపాగా చిహ్నం కింద ఎగిరిన రోజర్ హాల్ తన జ్ఞాపకాలకు ‘క్లౌడ్స్ ఆఫ్ ఫియర్’ అని పేరు పెట్టుకున్నాడు. భయపు మేఘాలు. 1975 వరకూ ఆ మాట అచ్చులో పెట్టలేదు. అదే దళంలోని ఎరిక్ మార్స్ తండ్రికి ఉత్తరాలు రాశాడు; ఉత్సాహమూ వేటగాడి లెక్కలూ నిండిన ఉత్తరాలవి. అతడు 1941 జూలైలో బ్రెస్ట్ మీద మరణించాడు. ఇద్దరూ ఒకే గుడిసెలో అదే టెలిఫోను కోసం కాచుకున్నారు.

హైదరాబాదు పేరు మోసిన దళాలు అవి. నిజంగా భారతదేశం నుంచి వచ్చి ఎగిరినవారు వేరు. 1940లో వచ్చిన 24 మందిలో మహీందర్ సింగ్ పూజీ ఒకరు. తలపాగా తీయనని పట్టుబట్టి, దానిమీద వాయుసేన చిహ్నం కుట్టించుకుని, హరికేన్ నడిపాడు. యూనిఫారంలో ఉన్నంతకాలం ఇంగ్లండు ప్రజలు తనను నెత్తిన పెట్టుకున్నారని ఆయన చివరివరకూ చెప్పాడు. ఆయన పుస్తకం ‘ఫర్ కింగ్ అండ్ అనదర్ కంట్రీ’ 2010లో, తొంభై రెండేళ్ళ వయసులో ఆయన కన్నుమూసిన ఏడాదే వచ్చింది. శీర్షికలోని ‘అనదర్’ అనే ఒక్క మాట, మిగిలిన పుస్తకమంతా మర్యాదగా దాటవేసిన విషయాన్ని చెప్పేస్తుంది.

టామ్ గ్లీవ్ మళ్ళీ విధుల్లో చేరి, 1953లో గ్రూప్ కెప్టెన్‌గా విరమించి, తరువాత యుద్ధపు అధికారిక చరిత్ర రచనలో పనిచేశాడు, 1993లో చనిపోయాడు. 1918లో జర్మనులకు చిక్కిన ఒక నిజాం కానుక విమానం బెర్లిన్, పోలండు తిరిగి ఇప్పుడు లండన్ హెండన్ మ్యూజియంలో ఉంది. 2014లో రెండు విగ్రహాలు లేచాయి. గ్రేవ్స్‌ఎండ్‌లో తలపాగాతో పూజీది. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో మాకిండోది. ఆయన ముందు కుర్చీలో, ముడుచుకున్న చేతులతో, కాలిన ముఖం పైకెత్తి చూస్తూ ఒక పైలటు. ఆ విగ్రహం చెక్కిన మార్టిన్ జెన్నింగ్స్ తండ్రి యుద్ధంలో కాలిపోయిన ట్యాంకు సైనికుడు. ఆయనకు శస్త్రచికిత్స చేసినది మాకిండోయే.